1147వ లైను గైర్హాజరు

మా మండలికి కొత్త డైరెక్టరుగా వచ్చిన నిడుముక్కల శ్రీమన్నారాయణ గారికి సాఫ్ట్‌వేర్ గురించి ఏమీ తెలియదు. ఇది నేను నిందగా చెప్పడం లేదు. అంతకుముందు పనిచేసిన నలుగురు డైరెక్టర్లకీ తెలియదు. కాకపోతే తమకి తెలియదన్న సంగతి వాళ్ళకి తెలుసు కాబట్టి, పెట్టమన్నచోట సంతకం పెట్టి సాయంత్రం ఐదింటికి ఇంటికి పోయేవారు. ఈయనకి ఆ సంగతి కూడా తెలియదు. అక్కడే వచ్చింది తంటా.

మండలి అంటే యంత్రభద్రతా సాఫ్ట్‌వేర్ పరీక్షా మండలి. లిఫ్టుల్లోనూ క్రేన్లలోనూ బాయిలర్లలోనూ ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఆ పెట్టెలో ఒక ప్రోగ్రాము ఉంటుంది. అది తప్పు చేస్తే మనుషులు పోతారు. తప్పు చేస్తుందో లేదో ముందుగానే చూసి చెప్పడానికి ప్రభుత్వం మమ్మల్ని పెట్టింది. అందులో నేను రెండో తరగతి పరీక్షాధికారిని. నా పేరు పానకాలరావు, సర్వీసు పంతొమ్మిదేళ్ళు. ఈ పంతొమ్మిదేళ్ళలో మేము యంత్రాల్ని పరీక్షించింది తక్కువ, యంత్రాల తాలూకు కాగితాల్ని పరీక్షించింది ఎక్కువ. కాగితాల్ని మాత్రం కళ్ళల్లో వత్తులేసుకుని చూసేవాళ్ళం.

మా ఆఫీసు గుంటూరులో, పరిపాలనా సముదాయం అనే ఎనిమిదంతస్తుల భవనంలో, చిట్టచివరి అంతస్తులో ఉంది. ఐదో అంతస్తులో పెన్షన్ల విభాగం ఉంది. నడవలేనివాళ్ళు వచ్చే ఆఫీసుని వెతికి వెతికి ఐదో అంతస్తులో పెట్టిన మహానుభావుడెవరో ఇప్పటికీ తెలియలేదు. ఇన్ని ఆఫీసులకీ కలిపి లిఫ్టు ఒక్కటే. ఆరేళ్ళ కిందట దాని ప్రోగ్రాముని చూసి భేషుగ్గా ఉందని ధ్రువపత్రం ఇచ్చింది మా మండలే. ఆ పత్రం కింద సంతకం నాది.

ఆ లిఫ్టులో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇనప స్టూలు మీద కూర్చునే ఆపరేటరు పేరు సలోమి. కాంట్రాక్టు ఉద్యోగం. ఎక్కే ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని ఎక్కిస్తుంది, దిగేవాళ్ళని చెయ్యి పట్టుకుని దింపుతుంది. ఆ పని చెయ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

శ్రీమన్నారాయణ గారు అంతకుముందున్న శాఖలో ముఖహాజరు ప్రవేశపెట్టి పేరు తెచ్చుకున్నారు. ఉద్యోగులు రోజుకి మూడుసార్లు ఫోను ముందు మొహం పెట్టాలి. ఆ శాఖలో ఏ పని జరిగిందో ఎవరికీ తెలియదు గానీ, మొహాలు మాత్రం లక్షల్లో భద్రంగా ఉన్నాయట.

వచ్చిన మొదటిరోజే నన్ను పిలిచి అడిగారు.

"ఇక్కడ ఎంతమంది పనిచేస్తున్నారు?"

"ముప్పై ఒక్కరమండి."

"మీ సంగతి కాదయ్యా. ఆ పెట్టెలో ఎంతమంది?"

"పెట్టెలో మనుషులుండరండి. లైన్లుంటాయి, ఒక్కోటి యంత్రానికి ఒక్కో ఆజ్ఞ. మన లిఫ్టు ప్రోగ్రాములో రెండువేల మూడొందల పన్నెండు లైన్లున్నాయి."

"అందరూ రోజూ వస్తున్నారా?"

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ పంతొమ్మిదేళ్ళలో ఒక డైరెక్టరు మా పని గురించి ప్రశ్న అడగడం అదే మొదలు. ఆ సంతోషంలో పొంగిపోయి, ఏ లైను ఎన్నిసార్లు పనిచేసిందో లెక్కపెట్టే సాధనం ఒకటి ఉందని చెప్పాను. అది ఎందుకంటే, ఏ లైనుని మనం పరీక్షించకుండా వదిలేశామో తెలుసుకుని, దానికి తగిన పరీక్ష రాయడానికి. ఈ రెండో ముక్క చెప్పేలోగా ఆయన గంట కొట్టి టైపిస్టుని పిలిచేశారు.

సర్క్యులరు మర్నాడే వచ్చింది. "యంత్రములందు నియుక్తమైన ప్రతి లైనును తన ఉనికిని క్రియాపూర్వకముగా నిరూపించుకొనవలెను. నిరంతర గైర్హాజరీలో ఉన్న లైన్లపై నియమానుసారము చర్య గైకొనబడును. ఈ సంస్కరణ ప్రయోగాత్మకముగా మన భవనపు లిఫ్టునందు ప్రారంభింపబడును." కింద ఆయన సంతకం, దాని కింద ఆకుపచ్చ సిరాతో మా న్యాయ సలహాదారు సంతకం.

ఆరేళ్ళ లెక్కలు తీశాం. హాజరు పట్టీ అచ్చువేయించి గోడకి అతికించాం. మొదటి స్థానం 212వ లైనుకి వచ్చింది. సెకనుకి వెయ్యిసార్లు చొప్పున ఆరేళ్ళుగా, ఆదివారాలూ పండగలూ లేకుండా వస్తోంది. డైరెక్టరు గారు పట్టీ చూసి చలించిపోయారు.

"ఇదయ్యా అంకితభావం అంటే! ఏం చేస్తుందిది?"

"ఏ పనీ లేకపోతే కాసేపు ఆగి మళ్ళీ చూడు అని ఉందండి అందులో."

"అంటే?"

"లిఫ్టు ఊరికే ఉన్నప్పుడు ఊరికే ఉండటం దాని పనండి."

ఆయనకి ఆ వివరం అడ్డం రాలేదు. 212వ లైనుకి ఉత్తమ లైను పురస్కారం ప్రకటించి, ఫ్రేము కట్టించి లిఫ్టు పక్కన వేలాడదీయించారు. ఎక్కే దిగే జనం దాన్ని చదివి, ఎవరో అధికారి పేరనుకుని వెళ్ళిపోయేవారు.

ఇక పట్టీలో అట్టడుగున నాలుగొందల పైచిలుకు లైన్లున్నాయి. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా రానివి. మంటలొస్తే లిఫ్టుని కిందికి దించే లైన్లు, వరద నీళ్ళు గుంటలోకి వస్తే పైనే ఆపే లైన్లు, కరెంటు పోయి వస్తే ఎక్కడున్నామో వెతుక్కునే లైన్లు. వాటన్నిటికీ సంజాయిషీ నోటీసులు పంపారు. ఎక్కడికి పంపారని అడగకండి. నాలుగొందల కవర్లు లిఫ్టు యంత్రాల గది తలుపు కింద నుంచి లోపలికి తోశారు. పదిహేను రోజుల్లో జవాబు రాలేదు. జవాబు ఇవ్వకపోవడం తప్పు ఒప్పుకోవడంగా భావించి, మూడు విడతల్లో మూడొందల తొంభై లైన్లు పీకేశారు. ఆ ఊపులోనే మెట్ల దగ్గర నిప్పు ఆర్పడానికి పెట్టిన ఎర్ర బకెట్లు కూడా, ఆరేళ్ళుగా ఖాళీగా కూర్చున్నాయని, తీసేశారు.

1147వ లైను వంతు వచ్చినప్పుడు నాకు ఒళ్ళు మండింది. మౌఖిక విచారణ కోరుతూ అర్జీ పెట్టాను. లైన్లకి విచారణ హక్కు ఉందో లేదో అని న్యాయ సలహాదారు వారం రోజులు పుస్తకాలు తిరగేసి, లేదని ఎక్కడా రాయలేదు కాబట్టి ఉందని తేల్చాడు.

విచారణ రోజు దఫేదారు మస్తాన్ గుమ్మంలో నిలబడి మూడుసార్లు గొంతెత్తి పిలిచాడు. "పదకొండొందల నలభై ఏడో లైనూ... హాజరా?" మూడోసారి పిలిచాక కాసేపు అటూ ఇటూ చూసి, "రాలేదండి" అన్నాడు. పాపం, నిజంగానే కారిడారంతా వెతికాడు.

"లైను తరఫున ఎవరైనా ఉన్నారా?" అన్నారు డైరెక్టరు గారు.

"నేనున్నానండి."

"దాని విధులేమిటి?"

"లిఫ్టు తలుపు తెరిచి ఉండగా లిఫ్టు కదిలితే, తక్షణం రెండో బ్రేకు వెయ్యడమండి."

"ఆరేళ్ళలో అలా ఎన్నిసార్లు కదిలింది?"

"కదల్లేదండి."

"మరి ఎన్నిసార్లు బ్రేకు వేసింది?"

"వెయ్యలేదండి."

"అంటే ఆరేళ్ళు కూర్చుని ఉంది."

"కాపలా కాస్తూ ఉందండి."

న్యాయ సలహాదారు గొంతు సవరించుకున్నాడు. "అయిదేళ్ళకు మించిన అనధికార గైర్హాజరీని రాజీనామాగా పరిగణింపవలసియున్నది."

"అయ్యా, ప్రమాదం వచ్చిన రోజున వచ్చే లైనండి అది. ఆ రోజు అది లేకపోతే మనిషి రెండు ముక్కలవుతాడు. తాడు తెగి వేగంగా పడిపోతే పట్టుకునే ఏర్పాటు వేరే ఉంది. నెమ్మదిగా జారితే పట్టుకునేది ఇదొక్కటే."

"ఊహాజనితము" అని డైరెక్టరు గారు రాసుకున్నారు. రాసుకుని, దయాళువు కాబట్టి ఒక అవకాశం ఇచ్చారు. ముప్పై పనిదినాల పాటు సదరు లైను ప్రతిరోజూ హాజరు వేయించుకుంటే సత్ప్రవర్తన కింద కొనసాగిస్తారు. లేకపోతే తొలగింపు. అంటే ముప్పై రోజుల పాటు రోజూ లిఫ్టు తలుపు తెరుచుకుని జారిపోవాలి. అప్పుడు గానీ అది అవసరమైన లైనని వాళ్ళకి నమ్మకం కుదరదు.

కిందికి దిగుతుంటే సలోమి అడిగింది.

"ఏంది సార్, నా లిఫ్టులోనుంచి ఏందో పీకేస్తన్నారంట గదా?"

చెప్పాను. విని, మీటల వైపు చూసింది.

"తలుపు తెరిచుండగా కదిలితే ఎవరు పోతారు సార్?"

"ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉన్నవాళ్ళు."

"ఆళ్ళ చెయ్యి పట్టుకోని ఉండేది నేనే గదా. అయితే నేను గూడా పోతా." ఆ మాట మామూలుగానే అంది. "నా కూతురు ఇంటర్ చదువుతా ఉంది సార్. దానికి నేను తప్ప ఎవరూ లేరు."

నాలుగో అంతస్తు దగ్గర ఆమే మళ్ళీ మొదలెట్టింది.

"మా కాంట్రాక్టరు కింద ఊడ్చేవోళ్ళు ముగ్గురు అసలు రారు సార్. అయినా రోజూ హాజరు పడతది. ఆళ్ళ ఫొటో ఇంకోళ్ళు చూపిస్తారు. మీ లైనుకి మనం ఏపించలేమా?"

పంతొమ్మిదేళ్ళ చదువూ సర్వీసూ ఉన్న నాకు తట్టని ఉపాయం అది. లైనుకి దొంగ హాజరు వెయ్యడం.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందు, ఎనిమిదీ నలభైకి పని మొదలెట్టాం. లిఫ్టు తలుపు మూసి ఉందో తెరిచి ఉందో పెట్టెకి చెప్పేది ఒక తీగ. సలోమి కింద నిలబడి ఖాళీ లిఫ్టుని పైకి పంపింది. నేను మిద్దె మీద యంత్రాల గదిలో ఉండి, లిఫ్టు కదలగానే ఆ తీగ పీకేశాను. అంటే తలుపు తెరుచుకుందని పెట్టెకి అబద్ధం చెప్పానన్నమాట. 1147వ లైను ఆరేళ్ళ నిద్ర లేచి వెంటనే బ్రేకు వెయ్యాలి.

వెయ్యలేదు. లిఫ్టు తాపీగా ముప్పాతిక అంతస్తు పైకి పోయి, అప్పుడు ఆగింది.

ప్రోగ్రాము తెరిచి చూశాను. మూడొందల మిల్లీసెకన్లు ఉండాల్సిన చోట మూడువేలు ఉంది. సెకనులో మూడోవంతుకి పడాల్సిన బ్రేకు మూడు సెకన్లకి పడుతోంది. ఈ లైను ప్రమాదం రోజున వచ్చినా ఎవర్నీ కాపాడేది కాదు. దీన్నే నేను కాగితాల మీద చూసి, భేషుగ్గా ఉందని సంతకం పెట్టాను. కింద సలోమి "అయిపోయిందా సార్?" అని కేకేస్తోంది. అంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వెయ్యలేదు.

పరుగున డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. 1147 వచ్చింది గానీ బ్రేకు ఆలస్యంగా పడిందని చెప్పాను.

"వచ్చిందా?"

"వచ్చిందండి. కానీ..."

"వచ్చింది కదా! హాజరు మన పరిధిలోని అంశం. వచ్చినవాళ్ళు పని చేశారా లేదా అన్నది విధానపరమైన అంశం. అది పైవాళ్ళు చూసుకుంటారు."

లోపం ఉందని రాస్తే సంఘం వెయ్యాలి. సంఘం కూర్చునేసరికి ఎండాకాలం వెళ్ళిపోతుంది. కానీ మా ఆఫీసులో ముద్రణ పొరపాటు సవరణ అని ఒక ఫైలు ఉంది. దానికి సంఘం అక్కర్లేదు, ఎవరూ చదవరు, అదే దాని గొప్పతనం. "ఒక సున్నా అధికముగా ముద్రితమైనది" అని రాసి ఆ ఫైల్లో పెట్టాను. డైరెక్టరు గారు నా మొహం చూడకుండానే సంతకం చేశారు. ప్రోగ్రాము తయారుచేసిన కంపెనీ ఇంజనీరు సాయంత్రానికల్లా వచ్చి, తలకాయ గోక్కుంటూ సున్నా తీసేసి వెళ్ళాడు.

మర్నాడు తీగ పీకగానే "టక్" మని చప్పుడైంది. లిఫ్టు బెత్తెడు కదిలి ఆగిపోయింది. సలోమి కింద నుంచి చప్పట్లు కొట్టింది.

అలా ఇరవై ఆరు రోజులు పొద్దున్నే చేశాం. మా మండలి పుట్టిన దగ్గర్నుంచీ జరిగిన నిజమైన పరీక్ష అదొక్కటే. అది కూడా దొంగతనంగా జరిగింది.

ఇరవై ఏడో రోజున పట్టుబడ్డాను. నిఘా విభాగంవాళ్ళు హాజరు పట్టీ చూస్తూ అనుమానపడ్డారట. ఒక లైను ప్రతి పనిదినానా ఎనిమిదీ నలభైకి, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా వస్తోంది. ఈ భవనంలో అంత వేళకి వచ్చే ప్రాణి ఇంకొకటి లేదు కాబట్టి ఇందులో మోసం ఉండి తీరాలని తేల్చారు.

"నీవు ప్రతిరోజూ లిఫ్టుని బుద్ధిపూర్వకముగా ఆపదలోకి నెట్టి, ఆ లైను చేత బ్రేకు వేయించావు. అవునా, కాదా?" అన్నారు డైరెక్టరు గారు.

"అవునండి. దాన్నే పరీక్ష అంటారండి."

"అంటే అది పనిచేస్తుందని నీకు ప్రతిరోజూ తెలుస్తూనే ఉంది."

"అవునండి."

"ఎవరి అనుమతితో తెలుసుకున్నావు?"

నన్ను కింద అంతస్తులో రికార్డుల గదికి మార్చారు. 1147వ లైనుని వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి తొలగిస్తూ ఉత్తర్వు వచ్చింది. వెంటనే ఎందుకు తియ్యరంటే, నెల మధ్యలో తీస్తే హాజరు సగటు చెడుతుందట.

అది పెన్షనర్లు తాము బతికే ఉన్నామని కాగితం ఇచ్చుకునే నెల. ఏటా వాళ్ళు స్వయంగా ఐదో అంతస్తుకి వచ్చి గుమాస్తా ఎదుట నిలబడాలి. లిఫ్టు ముందు పొద్దున్నించీ వరస కట్టేవారు. లిఫ్టు మొదటి బ్రేకు దిమ్మలు అరిగిపోయాయని నేను పంపిన నోటు ఏ బల్ల మీదుందో దేవుడికెరుక. అరిగినవాటిని మార్చడానికి, అవి అరిగాయని ధ్రువీకరించే సంఘం ఇంకా కూర్చోలేదు.

ఇరవై ఎనిమిదో తారీఖున నేను ఫైళ్ళ కట్ట పట్టుకుని ఆ లిఫ్టులోనే పైకి వెళ్తున్నాను. నాతో పాటు ఆరుగురు పెన్షనర్లున్నారు. వాళ్ళలో తులశమ్మ టీచరు గారికి డెబ్భై ఎనిమిదేళ్ళు, చేతికర్ర లేనిదే అడుగు పడదు. ఐదో అంతస్తులో తలుపు తెరుచుకుంది. సలోమి బయటికి ఒక కాలు పెట్టి, "మెల్లిగా టీచరమ్మా" అంటూ ఆమె చెయ్యి పట్టుకుంది. టీచరమ్మ కర్ర బయట పెట్టింది, కాలు బయట పెట్టింది.

లిఫ్టు కిందికి జారింది.

టక్.

ఆ చప్పుడు నాకు తెలుసు. సలోమికీ తెలుసు. బెత్తెడు జారి లిఫ్టు అక్కడే బిగుసుకుపోయింది. ఇంకో రెండు సెకన్లు జారి ఉంటే, లిఫ్టు పైకప్పుకీ గచ్చుకీ మధ్య ఆ ఇద్దరూ నలిగిపోయేవాళ్ళు. ఆ అదనపు సున్నా ఇంకా అక్కడే ఉండి ఉంటే నా సంతకం వాళ్ళని చంపి ఉండేది.

"ఏందమ్మాయ్, దీనికి గూడా నాలాగా మోకాళ్ళు పట్టేసినయ్యా?" అంటూ టీచరమ్మ కర్ర మీద ఆనుకుని అవతలికి దిగి, తను బతికే ఉన్నానని చెప్పడానికి వెళ్ళిపోయింది.

సలోమి స్టూలు మీద కూలబడింది. నా వైపు చూసి, "వచ్చింది సార్. మనది వచ్చింది" అంది. అని, కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. పెన్షనర్లు మమ్మల్ని గుడ్లప్పగించి చూశారు.

మొదట వచ్చిన మెమోలో, లిఫ్టుని నలభై నిమిషాల పాటు నిలిపివేసి ప్రజాసేవకు అంతరాయం కలిగించినందుకు 1147వ లైనుపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలపమన్నారు. ఆ మెమో యంత్రాల గది తలుపు కింద నుంచి లోపలికి వెళ్ళిన మర్నాడే స్థానిక పత్రికలో వార్త పడింది. ప్రాణాలు కాపాడిన లైను అని రాశారు. డైరెక్టరు గారు మెమోని గాలికొదిలేసి సన్మానం ఏర్పాటు చేశారు.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం యంత్రాల గదిలో సభ జరిగింది. పెట్టెకి శాలువా కప్పారు. దానివల్ల పెట్టెకి గాలాడక వేడెక్కి పోతుందని నేను శాలువా తీయబోతే, న్యాయ సలహాదారు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. పూలగుత్తి సలోమి చేత ఇప్పించారు. డైరెక్టరు గారు గద్గద స్వరంతో ఉపన్యసించారు.

"సోదరులారా! 1147వ లైను తన ఆరేళ్ళ సర్వీసులో నిర్వర్తించవలసిన ఏకైక కర్తవ్యాన్ని నిర్వర్తించింది. కర్తవ్యము పరిసమాప్తమైన వారిని ఇంకా విధుల్లో నిలిపి ఉంచడం మానవత్వం అనిపించుకోదు. అందువలన సదరు లైనుకు రేపు ఒకటో తారీఖు నుంచి సకల గౌరవములతో విశ్రాంతి కల్పిస్తున్నాము."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి, "మళ్ళీ జారితేనో?" అన్నాను.

"జారింది కదయ్యా" అన్నారాయన, పసివాడికి చెప్పినట్టు. "ఆ ప్రమాదం అయిపోయింది."

ఒకటో తారీఖు పొద్దున నేను వచ్చేసరికి లిఫ్టు తలుపుకి ఒక రేకు బోర్డు వేలాడుతోంది. "లిఫ్టు పనిచేయదు." వెనక ఎప్పుడో రాయించింది, సామాన్ల గదిలో మూలపడి ఉన్నది. సలోమి స్టూలు బయటికి తెచ్చుకుని, బోర్డు పక్కన కూర్చుని ఉంది.

"ఎవరు తగిలించమన్నారు?" అన్నాను.

"ఎవరూ అన్లా సార్. అడిగితే చెప్తాలే అనుకున్నా. ఇప్పటిదాకా నలభైమంది చూసుకుంటా పొయ్యారు. ఒక్కళ్ళు అడగలా."

ఆ తర్వాత కూడా ఎవరూ అడగలేదు. ఆ బోర్డుని చూసి ఎందుకు పనిచేయదని అడిగే మనిషి మా భవనంలో లేడు. డైరెక్టరు గారే మొదటిరోజు దాన్ని చదివి, నిట్టూర్చి, పంచె సవరించుకుని ఎనిమిదంతస్తులు ఎక్కారు. పెన్షన్ల విభాగం సూపరింటెండెంటు తొమ్మిది రోజులు ఎక్కి, పదో రోజున తన బల్లనీ విభాగాన్నీ కింద వరండాలోకి దింపించుకున్నాడు. తులశమ్మ టీచరు గారిలాంటి వాళ్ళు ఎన్నాళ్ళుగానో పెట్టుకున్న అర్జీలకి కానిది, ఆయన మోకాళ్ళకి అయింది.

నెలాఖరుకి హాజరు పట్టీ తీశారు. లిఫ్టు కదలడం లేదు కాబట్టి లైన్లేవీ రాలేదు. అంతస్తు చూపించే లైను రాలేదు, తలుపు తీసే లైను రాలేదు, పైకి పొమ్మనేది, కిందికి రమ్మనేది ఏదీ రాలేదు. వచ్చింది 212 ఒక్కటే. ఏ పనీ లేకపోతే కాసేపు ఆగి మళ్ళీ చూడు. సెకనుకి వెయ్యిసార్లు, ఒక్క క్షణం కూడా మానకుండా వచ్చింది.

మిగిలిన లైన్లన్నిటికీ నోటీసులు వెళ్ళాయి. ఈసారి కవర్లు తలుపు కింద పట్టక మస్తాన్ రెండు గోనెసంచుల్లో మోసుకెళ్ళి లోపల పోసి వచ్చాడు. జవాబు రాలేదు. మూకుమ్మడి గైర్హాజరీ కింద అన్నిటినీ తీసేశారు. ప్రోగ్రాములో ఒక్క లైను మిగిలింది. హాజరు నూటికి నూరు శాతానికి చేరింది.

ధ్రువపత్రం మీద సంతకానికి పరీక్షాధికారి కావాలి కాబట్టి రికార్డుల గది నుంచి నన్ను పిలిపించారు. పత్రంలో చివరి ప్రశ్న ఎప్పుడూ ఉండేదే. ఈ ప్రోగ్రాము వలన మనుష్య ప్రాణమునకు అపాయము వాటిల్లు అవకాశము కలదా? లేదని రాశాను. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో నేను పూర్తి మనస్సాక్షితో సంతకం పెట్టిన పత్రం అదే.

నూరు శాతం హాజరు సాధించిన తొలి యంత్రంగా మా లిఫ్టుకి షీల్డు వచ్చింది. దాన్ని 212వ లైను ఫ్రేము పక్కనే తగిలించారు. డైరెక్టరు గారికి పదోన్నతి వచ్చింది. ఆస్పత్రుల్లో ఊపిరి ఆడించే యంత్రాల్ని పరీక్షించే సంస్థకి పెద్దగా వేశారు. అక్కడ పనిచేసే నా పాత సహోద్యోగి మొన్న ఫోను చేశాడు. ఆయన ఛార్జి తీసుకున్న రోజునే ఒక జాబితా అడిగారట. ఈ ఏడాదిలో ఒక్కసారి కూడా మోగని అలారాలు ఎన్ని ఉన్నాయో రాసి తెమ్మన్నారట.

ఫోను పెట్టేసి బయటికి వచ్చాను. సలోమి బోర్డు పక్కన స్టూలు మీద కూర్చుని, వరండాలోకి వచ్చే ఒక ముసలాయనకి మెట్టు దగ్గర చెయ్యి అందిస్తోంది. ఆయన్ని కూర్చోబెట్టి వచ్చాక సంగతి చెప్పాను. అంతా విని, తలుపు మీది రేకు బోర్డు వైపు చూసింది.

"అక్కడ ఇట్టా బోర్డు తగిలిస్తే కుదరదు గదా సార్?"

"కుదరదమ్మా" అన్నాను.